హోస్ట్ కంప్యూటర్‌కి రిడండెంట్ ఈథర్నెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లాంట్ నడుస్తుండగా ఒక్క కేబుల్ ఊడితే స్కాడా (ప్లాంట్‌ని కంప్యూటర్ నుంచి చూసి నడిపే వ్యవస్థ) తెర మీద అంకెలన్నీ ఒక్కసారిగా బూడిదరంగుకి తిరుగుతాయి. పంపు తిరుగుతోందో ఆగిందో ఆపరేటర్‌కి తెలియదు. ఆ పరిస్థితి రాకుండా కంప్యూటర్‌కి రెండో నెట్‌వర్క్ దారి (రిడండెన్సీ) వేయాలనుకునేవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. ఇండస్ట్రియల్ నెట్‌వర్క్‌లు కట్టడం, అవి పాడైతే బాగుచేయడం నా పని. కాబట్టి జవాబుల్లో నా అభిప్రాయాలు కూడా ఉంటాయి.

‘హోస్ట్’ అంటే ఇక్కడ ఏ కంప్యూటర్?

పీఎల్‌సీలతో (యంత్రాల్ని నడిపే కంట్రోలర్లు), రిలేలతో (విద్యుత్ రక్షణ పరికరాలు), డ్రైవ్‌లతో (మోటారు వేగాన్ని మార్చేవి) మాట్లాడే ఏ కంప్యూటరైనా. స్కాడా సర్వర్, ఆపరేటర్ స్టేషన్, హిస్టోరియన్ (కొలతల్ని దాచే డేటాబేస్), ప్రోటోకాల్ గేట్‌వే (ఒక పరికరం భాషని ఇంకోదానికి మార్చేది), లేదా కంట్రోల్ లాజిక్‌ని తనే నడిపే ఇండస్ట్రియల్ పీసీ. ఈ చివరిదానికీ మిగతావాటికీ పెద్ద తేడా ఉంది, కింద సమయం గురించిన ప్రశ్నలో చెప్తాను.

మా కంప్యూటర్ వెనక ఎలాగూ రెండు ఈథర్నెట్ పోర్టులున్నాయి. రెండింటికీ కేబుల్ పెట్టేస్తే సరిపోదా?

సరిపోదు. రెండు పోర్టులకీ రెండు ఐపీ అడ్రస్‌లు ఇచ్చారనుకోండి. పీఎల్‌సీతో నడుస్తున్న టీసీపీ కనెక్షన్ మొదటి అడ్రస్‌కి కట్టుబడి ఉంటుంది. ఆ కేబుల్ పోతే కనెక్షన్ కూడా పోయినట్టే. రెండో అడ్రస్ నుంచి కొత్త కనెక్షన్ తెరవాల్సింది అప్లికేషన్. దానికి ఆ తెలివి పెట్టి రాసివుంటే సరే, చాలా సాఫ్ట్‌వేర్లకి ఉండదు.

పోనీ అని రెండు అడ్రస్‌లూ ఒకే సబ్‌నెట్‌లో (ఒకే ఐపీ అడ్రస్‌ల గుంపులో) ఇస్తే ఇంకో చిక్కు. లైనక్స్ అయితే మామూలు సెట్టింగుల్లో ఏ పోర్టుకి ఏఆర్‌పీ ప్రశ్న (‘ఈ ఐపీ అడ్రస్ ఎవరిది?’) వచ్చినా రెండు అడ్రస్‌లకీ జవాబిచ్చేస్తుంది. బయటికి వెళ్లే ట్రాఫిక్ మాత్రం రూటింగ్ టేబుల్‌లో ముందున్న పోర్టు నుంచే పోతుంటుంది. పైకి రెండు దారులున్నట్టే కనిపిస్తుంది, నడిచేది ఒక్కదాని మీదే.

ఇక రెండు పోర్టుల్నీ బ్రిడ్జ్ చేసి (కంప్యూటర్ లోపలే స్విచ్‌లా కలిపి), రెండు కేబుళ్లనీ ఒకే నెట్‌వర్క్‌కి తగిలించడం. దయచేసి ఆ పని చేయకండి. ఐపీ ప్యాకెట్‌కి ఉన్నట్టు ఈథర్నెట్ ఫ్రేమ్‌కి (కేబుల్ మీద వెళ్లే డేటా మూటకి) ఆయుష్షు లెక్క ఉండదు. లూప్ పడితే అందరికీ పంపే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఆగకుండా తిరుగుతూ పెరిగిపోయి చూస్తుండగానే నెట్‌వర్క్ మొత్తాన్ని ముంచేస్తుంది.

టీమింగ్ లేదా బాండింగ్ పెడితే?

రెండు పోర్టుల్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిపి ఒకే పోర్టులా వాడటం ఇది. చాలాచోట్ల ఇదే సరైన జవాబు. ఖర్చు లేదు, అదనపు హార్డ్‌వేర్ అక్కర్లేదు. కానీ ఏ మోడ్ ఎంచుకున్నారన్న దాని మీదే అంతా ఉంటుంది.

యాక్టివ్-బ్యాకప్ మోడ్‌లో ఒక పోర్టు పనిచేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. రెండూ రెండు వేర్వేరు స్విచ్‌లకి వెళ్లొచ్చు, ఆ స్విచ్‌లకి ఈ సంగతి తెలియాల్సిన పనే లేదు. ప్లాంట్‌లో నేను వాడమని చెప్పే మోడ్ ఇదొక్కటే. రెండు లింక్‌ల్నీ ఒకేసారి వాడే ఎల్ఏసీపీ మోడ్ ప్రధానంగా బ్యాండ్‌విడ్త్ కోసం పుట్టింది. దానికి అవతలి వైపు ఒకే స్విచ్ గానీ, ఒకే స్విచ్‌లా నడిచే స్టాక్ గానీ కావాలి. ఫ్రేమ్‌లని వంతులవారీగా రెండు పోర్టుల మీద పంచే రౌండ్-రాబిన్ మోడ్ అయితే ఫ్రేమ్‌ల వరస తప్పిస్తుంది. కంట్రోల్ నెట్‌వర్క్‌లో దానికి చోటు లేదు.

యాక్టివ్-బ్యాకప్‌లో జనం పట్టించుకోని విషయం ఒకటుంది. అది మామూలుగా చూసేది లింక్ దీపం వెలుగుతోందా లేదా అన్నది మాత్రమే. లైనక్స్‌లో దీన్ని సాధారణంగా 100 మిల్లీసెకన్లకి ఒకసారి చూసేలా పెడతారు. మీ కంప్యూటర్ నుంచి మొదటి స్విచ్ దాకా కేబుల్ బాగానే ఉండి, ఆ స్విచ్ నుంచి పైకి వెళ్లే అప్‌లింక్ తెగిందనుకోండి. లింక్ దీపం పచ్చగానే ఉంటుంది. బాండింగ్ కదలదు. డేటా మాత్రం రాదు. అందుకే లింక్‌ని కాకుండా అవతల ఉన్న ఒక నమ్మకమైన అడ్రస్‌ని ఏఆర్‌పీతో పలకరిస్తూ ఉండే పర్యవేక్షణ పెట్టండి. లేదంటే అప్‌లింక్ పడిపోయినప్పుడు కింది పోర్టుల్ని కూడా తనే దించేసే సౌకర్యం ఉన్న స్విచ్ తీసుకోండి.

మారిన వెంటనే హోస్ట్ తన అడ్రస్‌ని తనే ఒకసారి చాటుకోవాలి. అలా చాటుకోకపోతే స్విచ్‌లు పాత పోర్టు వైపే ఫ్రేమ్‌లు పంపుతుంటాయి. స్విచ్‌ల మ్యాక్ టేబుల్‌లో (ఏ పరికరం ఏ పోర్టు వైపు ఉందో రాసుకునే పట్టికలో) పాత ఎంట్రీ చెరిగిపోవడానికి మామూలుగా 300 సెకన్లు పడుతుంది. లైనక్స్ బాండింగ్ ఈ చాటింపు తనే వేస్తుంది. వేరే డ్రైవర్ వాడుతుంటే ఇది జరుగుతోందో లేదో పరీక్షించి చూడండి.

మాకు బాండింగ్ చాలా, ఇంకా పెద్దది కావాలా? ఎలా తేల్చుకోవాలి?

నెట్‌వర్క్ ఎంతసేపు ఆగితే మీ ప్రాసెస్‌కి తెలుస్తుంది? ముందు ఈ అంకె తేల్చండి. ఇది తెలియకుండా ప్రోటోకాల్ ఎంచుకోవడం కొలత తీసుకోకుండా బట్ట కత్తిరించడం లాంటిది.

స్కాడా సర్వర్ సెకనుకొకసారి పోల్ చేస్తుంటే (పరికరాల్ని అడిగి డేటా తెచ్చుకుంటుంటే), అర సెకను ఆగినా టీసీపీ మళ్లీ పంపి సర్దుకుంటుంది. ఆపరేటర్ గమనించడు కూడా. దానికి బాండింగ్ చాలు. కంట్రోల్ లాజిక్ పీసీలోనే నడుస్తుంటే లెక్క మారిపోతుంది. ప్రొఫినెట్‌లో (పీఎల్‌సీలు వాడే ఒక ఈథర్నెట్ ప్రోటోకాల్) మామూలుగా వరసగా 3 అప్‌డేట్‌లు రాకపోతే కనెక్షన్ తెగినట్టే లెక్క. అప్‌డేట్ 2 మిల్లీసెకన్లకి ఒకసారి అయితే మీ చేతిలో ఉన్నది 6 మిల్లీసెకన్లే. అలాంటిదే ఇంకొకటైన ఈథర్నెట్/ఐపీలో డేటా విరామాన్ని కనీసం 4తో గుణిస్తారు. విరామం 20 మిల్లీసెకన్లయితే 80.

ఇప్పుడు రికవరీ సమయాల్ని, అంటే దారి తెగాక నెట్‌వర్క్ తేరుకోవడానికి పట్టేవాటిని, ఈ అంకెలతో పోల్చి చూడండి. లూప్‌ల్ని అడ్డుకుని, దారి తెగితే వేరేది తెరిచే పాత స్పానింగ్ ట్రీకి 30 నుంచి 50 సెకన్లు. దాని వేగవంతమైన రూపం ఆర్ఎస్‌టీపీకి, ఎన్ని స్విచ్‌లున్నాయి, ఎలా కలిపారు అన్నదాన్ని బట్టి కొన్ని మిల్లీసెకన్ల నుంచి ఒకటి రెండు సెకన్ల దాకా. ఎంఆర్‌పీ రింగ్‌లో (పరికరాల్ని వలయంగా కలిపే పద్ధతి) 50 పరికరాల వరకు, ఎక్కువగా వాడే సెట్టింగులో గరిష్ఠంగా 200 మిల్లీసెకన్లు. డీఎల్ఆర్ అనే ఇంకో రకం రింగ్‌లో 50 పరికరాలకి 3 మిల్లీసెకన్ల లోపు. ప్రతి ఫ్రేమ్‌నీ రెండు దారుల్లో పంపే పీఆర్‌పీకి, హెచ్ఎస్ఆర్‌కి సున్నా.

6 మిల్లీసెకన్ల ప్రొఫినెట్ కనెక్షన్‌ని 200 మిల్లీసెకన్ల ఎంఆర్‌పీ రింగ్ మీద నడిపి, రింగ్ తెగిన ప్రతిసారీ మెషిన్ ఎందుకు ఆగుతోందని అడిగినవాళ్లున్నారు. రింగ్ తన పని తాను సరిగ్గానే చేసింది. వాచ్‌డాగ్ సమయాన్ని (కనెక్షన్ తెగిందని తేల్చేముందు ఆగే సమయాన్ని) 200 పైకి పెంచాలి, అది కుదరకపోతే సున్నా సమయం పట్టేదానికి వెళ్లాలి.

సున్నా ఎలా సాధ్యం? పీఆర్‌పీ లోపల ఏం జరుగుతుంది?

మారడం అనేదే లేదు కాబట్టి. పంపే ప్రతి ఫ్రేమ్‌కీ రెండు కాపీలు చేసి, ఒకటి ల్యాన్-ఏ మీద, ఇంకొకటి ల్యాన్-బీ మీద (ఇవి రెండు విడి నెట్‌వర్క్‌లు) ఒకేసారి వదులుతారు. అవతల ఏది ముందొస్తే దాన్ని తీసుకుంటారు, రెండోదాన్ని పారేస్తారు. ఒక దారి తెగితే రెండో కాపీ ఎలాగూ వస్తూనే ఉంది.

రెండూ ఒకే ఫ్రేమ్ అని గుర్తుపట్టడానికి ప్రతి కాపీ తోకకి 6 బైట్లు అతికిస్తారు. అందులో 16 బిట్ల వరస సంఖ్య, ఇది ఏ ల్యాన్ కాపీయో చెప్పే 4 బిట్లు, సైజు చెప్పే 12 బిట్లు, చివర 88ఎఫ్‌బీ అనే గుర్తు ఉంటాయి. పంపినవారి మ్యాక్ అడ్రస్, వరస సంఖ్య రెండూ కలిస్తే ఆ ఫ్రేమ్ ఇంతకుముందు వచ్చిందో లేదో తెలిసిపోతుంది. తోకలో ఉండటం వల్ల ఒక సుఖం ఉంది. పీఆర్‌పీ తెలియని మామూలు పరికరానికి ఆ 6 బైట్లు ఖాళీ నింపిన బైట్లలాగే కనిపిస్తాయి. అందుకని పాత ప్రింటర్‌ని గానీ, ఒకే పోర్టున్న పీఎల్‌సీని గానీ ల్యాన్-ఏ కి నేరుగా తగిలించినా పనిచేస్తుంది. దానికి రిడండెన్సీ ఉండదు, అంతే.

దీని ప్రమాణం ఐఈసీ 62439-3. 2010 నాటి కూర్పులోని పీఆర్‌పీకీ, 2012లో వచ్చినదానికీ పొత్తు కుదరదు. పాత పరికరం ఏదైనా గోదాములోంచి తీసి వాడుతుంటే అది ఏ కూర్పుదో చూసుకోండి.

సరే, మా కంప్యూటర్‌కి పీఆర్‌పీ ఎలా తగిలించాలి?

మూడు దారులున్నాయి.

మొదటిది రెడ్‌బాక్స్. కంప్యూటర్ పక్కన పెట్టే చిన్న పెట్టె. ఒక వైపు మీ కంప్యూటర్, రెండో వైపు ల్యాన్-ఏ, ల్యాన్-బీ. కంప్యూటర్ తరఫున కాపీలు చేయడం, పారేయడం అంతా అదే చూసుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా సరే, డ్రైవర్ అక్కర్లేదు, కంప్యూటర్‌లో ఏమీ ముట్టుకోనక్కర్లేదు. నడుస్తున్న ప్లాంట్‌లో పాత సర్వర్‌కి కలపాలంటే నేను ముందు దీన్నే చూస్తాను. లోటు ఏమిటంటే పెట్టెకీ కంప్యూటర్‌కీ మధ్య కేబుల్ ఒక్కటే, పెట్టె కూడా ఒక్కటే. అందుకే దాన్ని అదే ర్యాక్‌లో, అర మీటరు కేబుల్‌తో, రెండు విద్యుత్ ఇన్‌పుట్లతో పెట్టండి. తెగేవి ఎక్కువగా ప్లాంట్‌లో పరిచిన పొడుగు కేబుళ్లే. ర్యాక్ లోపలి అర మీటరు ముక్క తెగడం నేనింతవరకు చూడలేదు.

రెండోది పీఆర్‌పీని చిప్‌లోనే చేసే కార్డు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెడతారు, పని కార్డు మీది ఎఫ్‌పీజీఏ అనే చిప్‌లో జరుగుతుంది. కంప్యూటర్‌కి అది మామూలు నెట్‌వర్క్ కార్డులాగే కనిపిస్తుంది. సబ్‌స్టేషన్ కంప్యూటర్లలో ఇది బాగా నడుస్తుంది. కొనేముందు ఒక్కటే అడగండి: మీ ఆపరేటింగ్ సిస్టమ్ కూర్పుకి డ్రైవర్ ఉందా, ఇంకెన్నేళ్లు ఇస్తారు?

మూడోది సాఫ్ట్‌వేర్. లైనక్స్ కెర్నల్‌లో హెచ్ఎస్ఆర్ డ్రైవర్ 2014లో 3.13తో వచ్చింది. అదే డ్రైవర్‌కి పీఆర్‌పీ 2020లో 5.9తో చేరింది. రెండు మామూలు పోర్టుల్ని కలిపి ఒక కొత్త ఇంటర్‌ఫేస్ తయారుచేసి, ప్రోటోకాల్ సంఖ్య 1 అని చెప్తే పీఆర్‌పీ అవుతుంది, 0 అంటే హెచ్ఎస్ఆర్. ఐపీ అడ్రస్ ఆ కొత్త ఇంటర్‌ఫేస్‌కే ఇవ్వాలి, కింది రెండు పోర్టులకి ఇవ్వకూడదు. విండోస్‌లో అయితే దానితో వచ్చే టీమింగ్ పీఆర్‌పీ కాదు, ఎంత వెతికినా ఆ ఎంపిక దొరకదు. సీమెన్స్ సాఫ్ట్‌నెట్-ఐఈ ఆర్ఎన్ఏ లాంటి విడి సాఫ్ట్‌వేర్ కావాలి. సాఫ్ట్‌వేర్ పద్ధతిలో ప్రతి ఫ్రేమ్‌నీ ప్రాసెసరే రెండుసార్లు అందుకోవాలి. స్కాడా సర్వర్‌కి ఆ భారం లెక్కలోది కాదు. సబ్‌స్టేషన్‌లో శాంపిల్డ్ వాల్యూస్ (కరెంటు, వోల్టేజీ కొలతల ప్రవాహం) లాగా సెకనుకి వేల ఫ్రేమ్‌లు వచ్చేచోట మాత్రం కార్డే తీసుకోండి.

పింగ్ వెళ్తోంది, చిన్న చిన్న డేటా వస్తోంది, పెద్ద ఫైల్ మాత్రం మధ్యలో ఆగిపోతోంది. ఎందుకు?

ఆ 6 బైట్ల తోక. ఈథర్నెట్ ఫ్రేమ్ గరిష్ఠంగా 1518 బైట్లు, వీల్యాన్ ట్యాగ్ (ఫ్రేమ్ ఏ గుంపుదో చెప్పే గుర్తు) ఉంటే 1522. దానికి 6 కలిపితే 1524, 1528. దారిలో ఏదో ఒక స్విచ్ 1522 దాటితే పారేస్తోందన్నమాట. చిన్న పింగ్‌కి ఇది తెలియదు.

ముక్కలు చేయొద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ పంపండి. దానికి 8 బైట్ల ఐసీఎంపీ హెడర్, 20 బైట్ల ఐపీ హెడర్ కలిస్తే నిండుగా 1500. ఇది రెండు ల్యాన్‌ల మీదా విడివిడిగా వెళ్లాలి, ఒకదాని కేబుల్ తీసేసి ఒకసారి, రెండోదాని కేబుల్ తీసేసి ఇంకోసారి. రెండూ పెట్టి ఉంచి పంపితే ఈ పరీక్షకి అర్థం లేదు. ల్యాన్-బీ లోని స్విచ్ పెద్ద ఫ్రేమ్‌లని పారేస్తున్నా ల్యాన్-ఏ వాటిని మోసేస్తుంది, మీకు అంతా బాగున్నట్టే ఉంటుంది. నేను ఒక చోట సరిగ్గా ఇలాగే మోసపోయాను. రెండు కేబుళ్లూ పెట్టి పరీక్షించి సంతకం పెట్టాను. తర్వాత ల్యాన్-ఏ స్విచ్ మార్చడానికి ఆపిన పూటే హిస్టోరియన్ నిలిచిపోయింది, తెర మీద మిగతావన్నీ మాత్రం నడుస్తున్నాయి. గంటసేపు డేటాబేస్‌ని అనుమానించాం. ల్యాన్-బీ లో ఒక మూల ఉన్న పాత స్విచ్‌లో గరిష్ఠ ఫ్రేమ్ సైజు పెంచగానే రెండు నిమిషాల్లో తేరుకుంది.

ల్యాన్-ఏ, ల్యాన్-బీ లని ఎక్కడైనా కలపొచ్చా?

ఎక్కడా కలపకూడదు, ‘ఇంజనీరింగ్ ల్యాప్‌టాప్ కోసం ఒక్క రోజుకి’ కూడా. రెండు పోర్టులకీ ఒకే మ్యాక్ అడ్రస్ ఉంటుంది. రెండు ల్యాన్‌లు కలిస్తే స్విచ్‌లకి ఆ అడ్రస్ ఒకసారి ఇటు, ఒకసారి అటు కనిపించి టేబుల్ గంతులేస్తుంది. ఏ కేబుళ్లకి ఒక రంగు, బీ కేబుళ్లకి ఇంకో రంగు వాడండి. పొరపాటున అటుదిటు మారితే పీఆర్‌పీ పరికరాల్లో ‘తప్పు ల్యాన్’ లెక్క పెరుగుతుంది, దాన్ని చూస్తే దొరికిపోతుంది.

హెచ్ఎస్ఆర్ ఎందుకు వాడకూడదు? స్విచ్‌లు కూడా అక్కర్లేదు కదా?

రిలేలకి, బే కంట్రోలర్లకి (సబ్‌స్టేషన్‌లో ఒక్కో విభాగాన్ని నడిపేవి) చక్కటిది. హెచ్ఎస్ఆర్ రింగ్‌లో ప్రతి పరికరం పక్కవాళ్ల ఫ్రేమ్‌లని కూడా ముందుకి పంపాలి. కంప్యూటర్ అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయిన ప్రతిసారీ రింగ్ అక్కడ తెగుతుంది. ఆ సమయంలో ఇంకోచోట కూడా తెగితే రింగ్ రెండు ముక్కలే. హోస్ట్‌ని రింగ్‌లోకి నేరుగా తేకండి, రెడ్‌బాక్స్ ద్వారా కలపండి. ఎంఆర్‌పీ, డీఎల్ఆర్ రింగ్‌లకీ ఇదే మాట: కంప్యూటర్‌ని రింగ్ స్విచ్‌కి తగిలించండి, రింగ్‌లో కూర్చోబెట్టకండి.

కేబుళ్లు, కరెంటు సంగతి?

ఏ, బీ కేబుళ్లు ఒకే ట్రేలో వెళ్తుంటే మీకున్నది ఒకటిన్నర నెట్‌వర్క్. ట్రే మీద పడే వెల్డింగ్ నిప్పు రెండింటినీ ఒకేసారి కాలుస్తుంది. వేరే దారి లేకపోతే కనీసం ఒకదాన్ని ఫైబర్ చేయండి. రాగి కేబుల్‌కి 100 మీటర్ల హద్దు, ఫైబర్‌కి ఆ బాధా లేదు, ఎర్తింగ్ తేడాల గొడవా లేదు.

రెండు ల్యాన్‌ల స్విచ్‌లకీ వేర్వేరు 24 వోల్టుల సప్లైలు ఇవ్వండి. ఆ రెండు సప్లైలు కూడా ఒకే ఎంసీబీ వెనక ఉండకూడదు. ఇది డ్రాయింగ్‌లో కనబడదు, ప్యానెల్ తలుపు తీసి వైరు వెంట వేలు పెట్టి చూసుకోవాల్సిందే. అలాగే కంప్యూటర్‌లో ఒక పోర్టు మదర్‌బోర్డుది, ఇంకోటి విడి కార్డుది తీసుకోండి. ఒకే కార్డు మీది రెండు పోర్టులు చాలావరకు ఒకే చిప్‌వి.

రెండింట్లో ఒకటి పోయిందని మాకెలా తెలుస్తుంది?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది, జనం అన్నిటికంటే తక్కువగా అడిగేది కూడా ఇదే.

రిడండెన్సీ బాగా పనిచేస్తే మొదటి వైఫల్యం ఎవరికీ తెలియదు. దాని గొప్పదనం అదే, ప్రమాదమూ అదే. ఒక ప్లాంట్‌లో ల్యాన్-బీ ప్రధాన స్విచ్ ఆగిపోయి నెలలు గడిచాయి. దాని ముందు రోజూ మనుషులు నడుస్తూనే ఉన్నారు. ప్యానెల్ అద్దం వెనక దుమ్ము పట్టిన దీపాలు వెలగడం లేదని ఎవరూ గమనించలేదు. తర్వాత ఒక రాత్రి ల్యాన్-ఏ సప్లై పోయింది. అందరూ ‘రిడండెన్సీ ఫెయిలైంది’ అన్నారు. స్విచ్ లాగ్ తీసి చూస్తే రిడండెన్సీ నెలల క్రితమే తన పని తాను చేసేసింది. చెప్పేవాళ్లు లేక ఎవరికీ తెలియలేదు.

కాబట్టి అలారం లేకుండా రెండో నెట్‌వర్క్ వేయకండి. పీఆర్‌పీలో ప్రతి పరికరం 2 సెకన్లకొకసారి ‘నేనున్నాను’ అంటూ రెండు ల్యాన్‌ల మీదా సూపర్‌విజన్ ఫ్రేమ్ పంపుతుంది. 60 సెకన్లు వినపడకపోతే మిగతా పరికరాలు దాన్ని తమ జాబితాలోంచి తీసేస్తాయి. ఏ పరికరం ఏ ల్యాన్ మీద చివరిసారి ఎప్పుడు వినిపించిందన్న లెక్క హోస్ట్ దగ్గరే ఉంటుంది. ఆ లెక్కని, స్విచ్‌లు ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల స్థితి అడిగే ప్రోటోకాల్) ద్వారా చెప్పే స్థితిని స్కాడాలో ట్యాగ్‌లుగా (పేరు పెట్టిన డేటా పాయింట్లుగా) తెచ్చి, ప్రాసెస్ అలారంలతో పాటే ఆపరేటర్ తెర మీద పెట్టండి. ఐటీ విభాగం వాళ్ల డాష్‌బోర్డులో పెడితే రాత్రి షిఫ్టులో దాన్ని చూసేవాళ్లుండరు. చాలా ఇండస్ట్రియల్ స్విచ్‌లకి లోపం వస్తే మారే ఫాల్ట్ రిలే కాంటాక్ట్ ఉంటుంది. దాన్ని నేరుగా పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి తీసుకురండి. రెండు వైర్లు, ఒక ట్యాగ్, అంతే పని. ఆ టెర్మినల్ ఖాళీగా ఉన్న ప్యానెల్ చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

టైమ్ సింక్ మీద ప్రభావం ఉంటుందా?

గడియారాల్ని కలిపే మామూలు ప్రోటోకాల్ ఎన్‌టీపీకి ఉండదు. అంతకంటే చాలా ఖచ్చితమైన పీటీపీకి ఉంటుంది. రెండు దారుల్లో ఆలస్యం వేర్వేరు కాబట్టి, ముందొచ్చిన కాపీని తీసుకునే పద్ధతి అక్కడ చెల్లదు. పీఆర్‌పీలో పీటీపీని ఎలా నడపాలో అదే ప్రమాణంలో విడిగా రాశారు. మైక్రోసెకను ఖచ్చితత్వం కావాలంటే దాన్ని పాటించే కార్డే తీసుకోండి.

హోస్ట్ ఒక వర్చువల్ మెషిన్ అయితే?

వర్చువల్ మెషిన్ లోపల పీఆర్‌పీ పెట్టకండి. ఒకే మ్యాక్ అడ్రస్ రెండు పోర్టుల మీద కనిపిస్తే వర్చువల్ స్విచ్‌ల భద్రతా సెట్టింగులు అడ్డుపడతాయి. బయట రెడ్‌బాక్స్ పెట్టండి, లేదా పీఆర్‌పీ కార్డుని హైపర్‌వైజర్‌కి (వర్చువల్ మెషిన్లని నడిపే సాఫ్ట్‌వేర్‌కి) ఇవ్వండి.

అంతా అయ్యాక ఎలా పరీక్షించాలి?

ప్లాంట్ మామూలు లోడ్‌లో ఉండగానే. ముందు ఒక కేబుల్ తీయండి, తర్వాత స్విచ్ కరెంటు ఆపండి, తర్వాత హోస్ట్ వైపు లింక్ దీపం వెలుగుతుండగానే పైనున్న అప్‌లింక్ తీయండి. మూడూ వేర్వేరు వైఫల్యాలు, మొదటిది గెలిచినంత మాత్రాన మూడోది గెలుస్తుందని లేదు. ప్రతిసారీ అలారం తెర మీదికి వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఆ పరీక్ష తప్పినట్టే, డేటా ఆగకపోయినా సరే.

తీసినదాన్ని తిరిగి పెట్టడం కూడా పరీక్షే. బాండింగ్‌లో అసలు ఇబ్బంది చాలాసార్లు అక్కడే వస్తుంది. స్విచ్ కరెంటు రాగానే లింక్ లేస్తుంది, హోస్ట్ వెంటనే దాని మీదికి మారిపోతుంది, స్విచ్ మాత్రం ఇంకా బూట్ అవుతూనే ఉంటుంది. ఆ అర నిమిషం డేటా పోతుంది. పాత పోర్టుకి తనంతట తాను తిరిగి రాకుండా చేయండి, లేదా కనీసం ఒక నిమిషం ఆగాకే రమ్మని పెట్టండి.

రెండు నెట్‌వర్క్‌లున్నాయి, కంప్యూటరే పోతే?

అప్పుడు కావాల్సింది రెండో సర్వర్, దాని సంగతి వేరు. కానీ రెండు సర్వర్లు ఉన్నచోట ఒక్క జాగ్రత్త: అవి ఒకదాన్నొకటి పలకరించుకునే హార్ట్‌బీట్ ఒకే కేబుల్ మీద వెళ్లకూడదు. ఆ కేబుల్ తెగితే ఎదుటిది చచ్చిపోయిందని రెండూ అనుకుని, రెండూ ఒకేసారి పీఎల్‌సీలకి ఆజ్ఞలు రాయడం మొదలుపెడతాయి. హార్ట్‌బీట్‌ని పీఆర్‌పీ ఇంటర్‌ఫేస్ మీద ఒకటి, రెండు సర్వర్ల మధ్య నేరు కేబుల్ మీద ఇంకోటి నడపండి. రెండూ ఆగితేనే స్టాండ్‌బై సర్వర్ పని అందుకునేలా పెట్టండి.